రెండరింగ్‌కి పంపే ముందు మోడల్‌లోనే ముగించాల్సిన పనులు

కడపలో గానీ కర్నూలులో గానీ అనంతపురంలో గానీ ఇంటి డిజైన్ పని ఎక్కువగా ఒకే దారిలో నడుస్తుంది. ప్లాన్ ఆటోక్యాడ్‌లో గీస్తాం. 3డీ మోడల్ స్కెచప్‌లో లేపుతాం, కొన్ని ఆఫీసుల్లో రెవిట్‌లో. ఓనరుకు చూపించే నిజంలాంటి బొమ్మ (దాన్ని తయారు చేయడమే రెండరింగ్) మాత్రం ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తయారవుతుంది. అది లుమియన్ కావచ్చు, ట్విన్‌మోషన్ కావచ్చు, బ్లెండర్ కావచ్చు. ఈ టపా ఆ మధ్య దారి గురించి. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేలోపు మోడల్‌లో ఏం చెడుతుంది, ఎందుకు చెడుతుంది, ఎక్కడ సరిచేయాలి అన్నది చెబుతాను.

ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. మోడల్ రెండరింగ్‌కి ఒక్కసారితో పోదు. మొదటి బొమ్మ చూశాక మెట్లు ఇటు తిప్పమంటారు. ఈశాన్యంలో బరువు వద్దంటారు. పోర్టికో రెండడుగులు ముందుకు జరపమంటారు. ఒక ఇల్లు ఖాయమయ్యేలోపు అదే మోడల్ ఎనిమిది, పదిసార్లు మళ్లీ మళ్లీ వెళ్తుంది. రెండరింగ్ సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని వేసిన ప్రతి అతుకూ మోడల్ మళ్లీ వచ్చిన ప్రతిసారీ ఊడిపోతుంది. అందుకే తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడే సరిచేయాలి. రెండరింగ్ వైపు వెలుతురు, కెమెరా, చెట్లు, మెటీరియల్ మెరుపు మాత్రమే చూసుకోవాలి. గోడ తప్పు అక్కడ దిద్దకూడదు.

సర్వే నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే అందరికీ ఆలస్యంగా దొరికే తప్పు ఇదే. సర్వేయరు డీజీపీఎస్‌తో (ఉపగ్రహాల సాయంతో కచ్చితంగా కొలిచే పరికరం) స్థలం కొలిచి ఇచ్చిన డ్రాయింగ్ సాధారణంగా యూటీఎం కోఆర్డినేట్లలో ఉంటుంది, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి ప్రతి బిందువునూ మీటర్లలో చెప్పే పద్ధతిలో. కడప దగ్గర ఉత్తరపు విలువ సుమారు 16 లక్షల మీటర్లు, తూర్పు విలువ రెండున్నర లక్షల పైమాట. ఆ డ్రాయింగ్ మీదే మోడల్ లేపితే ఇల్లు సున్నా బిందువుకి 1600 కిలోమీటర్ల దూరాన నిలబడుతుంది. గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లే కోఆర్డినేట్లు సాధారణంగా 32 బిట్ల దశాంశ సంఖ్యలు. వాటిలో ఏడు అంకెల వరకే నమ్మకం. 16 లక్షల మీటర్ల దగ్గర ఆ సంఖ్య వేయగలిగే అతి చిన్న అడుగు 12.5 సెంటీమీటర్లు. మన నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడ మందమే 11.5 సెంటీమీటర్లు. అంటే ఆ గోడ రెండు ముఖాలూ ఒకే చోట పడిపోవచ్చు. కెమెరా కదిపితే గోడలు వణకడం, కిటికీ ఫ్రేములు మెలికలు తిరగడం, టైల్స్ గీతలు పాకడం కనబడితే గ్రాఫిక్స్ కార్డును అనుమానించే ముందు మోడల్ ఎంత దూరంలో ఉందో చూడండి.

మందు సులువు. ఆటోక్యాడ్‌లోనే స్థలం నైరుతి మూలను పట్టుకుని మొత్తం డ్రాయింగ్‌ను సున్నా, సున్నా, సున్నా దగ్గరికి జరపాలి. ఎంత జరిపారో, ఆ మూల అసలు కోఆర్డినేట్లు ఏమిటో డ్రాయింగ్‌లోనే ఒక టెక్స్ట్‌గా రాసిపెట్టాలి. రేపు రోడ్డు లెవెల్ కోసం సర్వేను మళ్లీ కలపాల్సి వస్తే ఆ ఒక్క వరుసే ఆదుకుంటుంది. మన జిల్లాల వాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. యూటీఎంలో 43, 44 జోన్ల సరిహద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. అనంతపురం దానికి పడమర, అంటే 43లో ఉంటుంది. కడప 44లో. కర్నూలు ఊరు ఆ గీతను ఆనుకునే ఉంది. రెండు చోట్ల నుంచి వచ్చిన సర్వేలు ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే ముందు జోన్ సంఖ్య చూడాలి.

తర్వాత కొలత. స్థలం సెంట్లలో కొంటాం, గది అడుగుల్లో చెప్పుకుంటాం, స్లాబు అంగుళాల్లో, టైల్ మిల్లీమీటర్లలో. సాఫ్ట్‌వేర్లకీ ఇదే గందరగోళం ఉంది. స్కెచప్ లోపల అంగుళాలు, రెవిట్ లోపల అడుగులు, ట్విన్‌మోషన్‌కి ఆధారమైన అన్‌రియల్ ఇంజిన్‌లో సెంటీమీటర్లు. మోడళ్లు పంపుకునే ఓబీజే రకం ఫైలులో కొలత ఏమిటన్నది అసలు రాసి ఉండదు, ఉత్త సంఖ్యలే. మోడల్ దిగగానే ముందు చూడాల్సింది తలుపు. ఏడడుగుల తలుపు 2134 మిల్లీమీటర్లు రావాలి. అది 84 మిల్లీమీటర్లు వచ్చిందంటే అంగుళాల్లో గీసినదాన్ని మిల్లీమీటర్లుగా చదివారు, తేడా 25.4 రెట్లు. 304.8 రెట్ల తేడా ఉంటే అడుగులకీ మిల్లీమీటర్లకీ మధ్య తప్పు జరిగింది. ఈ రెండు సంఖ్యలూ నోటికి వచ్చి ఉంటే తప్పు ఎక్కడో వెంటనే తెలిసిపోతుంది. ఆటోక్యాడ్‌లో డ్రాయింగ్ ఏ కొలతలో ఉందో చెప్పే ఇన్స్‌యూనిట్స్ విలువ చూడండి. 1 అంటే అంగుళాలు, 2 అడుగులు, 4 మిల్లీమీటర్లు, 6 మీటర్లు. 0 ఉంటే కొలత చెప్పలేదని అర్థం, అప్పుడు అవతలి సాఫ్ట్‌వేర్ తనకు తోచింది అనుకుంటుంది. రెండరింగ్ వైపు స్కేల్ పెంచి సరిపెట్టుకోవద్దు. తర్వాతి దిగుమతిలో మళ్లీ చిన్నదైపోతుంది.

మోడల్ వెల్లకిలా పడిపోయి వస్తే అది అక్షాల గొడవ. స్కెచప్, రెవిట్, బ్లెండర్‌లలో పైకి చూసేది జెడ్. కొన్నింట్లో వై. ఎగుమతి పెట్టెలో వై, జెడ్ మార్చే టిక్కు ఉంటుంది, ఒకసారి సరిచూసి వదిలేయండి.

ఇప్పుడు అసలైన చిక్కు, ముఖాల దిశ. స్కెచప్‌లో ప్రతి ముఖానికీ, అంటే మోడల్‌లోని ప్రతి చదునైన పలకకీ, రెండు వైపులుంటాయి. ముందు వైపు తెల్లగా, వెనక వైపు నీలి ఛాయ ఉన్న బూడిద రంగులో కనబడుతుంది. స్కెచప్ రెండింటినీ చూపిస్తుంది కాబట్టి గీసేటప్పుడు తేడా తెలియదు. కానీ గేమ్ ఇంజిన్ మీద నడిచే సాఫ్ట్‌వేర్లు పని తగ్గించుకోవడానికి వెనక వైపును గీయవు. అందుకే స్కెచప్‌లో నిండుగా ఉన్న పిట్టగోడ ట్విన్‌మోషన్‌లో సగం మాయమవుతుంది. మెట్ల కింది భాగం, సజ్జ అడుగు, పోర్టికో సీలింగ్ ఎక్కువగా ఈ తప్పుకి దొరుకుతాయి, ఎందుకంటే కింది నుంచి చూసి గీసేవాళ్లు తక్కువ.

వ్యూ మెనూలో ఫేస్ స్టైల్‌ని మోనోక్రోమ్‌కి మార్చండి. రంగులన్నీ పోయి తెలుపు, బూడిద మాత్రమే మిగులుతాయి. ఇంటి చుట్టూ ఒక చుట్టు, గదుల్లో ఒక చుట్టు తిరిగి బూడిద కనబడ్డ ప్రతి ముఖం మీద కుడి క్లిక్ చేసి రివర్స్ ఫేసెస్ నొక్కండి. ఒక గ్రూపులో చాలా ఉంటే తెల్లగా ఉన్న ఒక ముఖం పట్టుకుని ఓరియెంట్ ఫేసెస్ అంటే దానికి అంటుకుని ఉన్నవన్నీ తిరుగుతాయి. ఆ తర్వాతే మెటీరియల్ వేయాలి. ముందే వేసి తర్వాత తిప్పితే వేసిన మెటీరియల్ వెనక్కి పోతుంది, ఆ పని రెండుసార్లు అవుతుంది. బ్లెండర్‌లో అయితే ఓవర్లేస్‌లో ఫేస్ ఓరియెంటేషన్ టిక్కు పెడితే తప్పుగా ఉన్నవి ఎర్రగా కనబడతాయి.

ఎఫ్‌బీఎక్స్ (మోడల్ పంపే ఇంకో ఫైలు రకం) ఎగుమతిలో రెండు వైపులూ పంపే టిక్కు ఒకటి ఉంటుంది. దాన్ని పెట్టి ఊపిరి పీల్చుకునేవాళ్లున్నారు. అది ప్రతి ముఖాన్నీ రెండుసార్లు పంపిస్తుంది. ఫైలు బరువు పెరుగుతుంది, ఒకే చోట రెండు ముఖాలు కూర్చోవడం వల్ల మచ్చలు మిణుకుమిణుకుమంటాయి. ముఖాలు తిప్పే ఓపిక లేక ఎంచుకునే దారి అది, నేను సిఫారసు చేయను.

ఆ మిణుకుకి ఇంకో కారణం కూడా ఉంది. స్లాబు పై ముఖం, దాని మీద వేసిన ఫ్లోరింగ్ ముఖం ఒకే ఎత్తులో ఉంటే ఏది ముందో కార్డు తేల్చుకోలేదు. కెమెరా కదిలే కొద్దీ ఇది ఒకసారి, అది ఒకసారి పైకి వస్తుంది. ఫ్లోరింగ్‌ను దాని అసలు మందంతో, కనీసం 10 మిల్లీమీటర్లు లేపితే ఆ గొడవే ఉండదు. గోడ మీద అతికించే రాతి పలకలకీ, ఎలివేషన్ చారలకీ ఇదే వర్తిస్తుంది.

మెటీరియల్ పేర్ల విషయంలో మాత్రం పట్టుదలగా ఉండాలి. పదిసార్లు పంపినా పని తక్కువగా ఉండాలంటే ఆధారం ఈ పేర్లే. రెండరింగ్ సాఫ్ట్‌వేర్లు మోడల్ మళ్లీ వచ్చినప్పుడు మెటీరియల్‌ను పేరుతో గుర్తుపడతాయి. పేరు అదే ఉంటే మీరు అక్కడ పెట్టిన మెరుపు, గరుకు అన్నీ నిలుస్తాయి. పేరు మారితే కొత్తదిగా లెక్కేసి బోసిగా నిలబెడతాయి. కాబట్టి కలర్ 014 లాంటి పేర్లు వదిలేసి, గోడ-బయట-ముందు, గోడ-లోపల-హాల్, ఫ్లోర్-వంటగది, గ్రిల్-కిటికీ అని పనిని చెప్పే పేర్లు పెట్టండి. టైపు చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే, ఖాళీలకు బదులు అడ్డగీతతో. తెలుగు అక్షరాలు కొన్ని ఫార్మాట్లలో గుర్తులుగా మారిపోతాయి. టెక్స్చర్ (ముఖం మీద పరిచే బొమ్మ) ఫైళ్ల పేర్లకీ, ఫోల్డర్లకీ ఇదే పద్ధతి.

రంగు ఒకటే అయినా పని వేరైతే మెటీరియల్ వేరుగా ఉండాలి. బయటి గోడకీ లోపలి గోడకీ ఒకే తెలుపు వేసి పంపితే, రేపు ఓనరు బయట లేత గంధం రంగు అడిగినప్పుడు హాల్ కూడా గంధం రంగుకు తిరుగుతుంది. సీలింగ్‌లో దాచిన లైట్ల పట్టీకి మొదటి నుంచీ ఒక వేరే పేరు ఇవ్వండి. దాన్ని వెలిగించాల్సి వచ్చినప్పుడు గోడంతా వెలగకుండా ఉంటుంది.

వీ-రే, ఎన్‌స్కేప్ లాంటి ప్లగిన్లలో కష్టపడి చేసిన మెటీరియల్ ఇంకో సాఫ్ట్‌వేర్‌కి అలాగే రాదు. రంగు, టెక్స్చర్ బొమ్మ, దాని కొలత వస్తాయి. మెరుపు, వక్రీభవనం, గరుకు అక్కడ మళ్లీ పెట్టాల్సిందే. రెవిట్‌లో మెటీరియల్ పెట్టకుండా బై క్యాటగిరీ అని వదిలేసినవి ఉత్త బూడిద రంగులో దిగుతాయి. పంపే ముందు రెవిట్‌లో ఒక 3డీ వ్యూ ప్రత్యేకంగా తయారు చేసుకోండి. అందులో డీటెయిల్ లెవెల్ ఫైన్‌లో ఉంచి, పునాదులు, స్టీలు, గ్రిడ్లు, కొలతల గీతలు ఆపేసి, ఎప్పుడూ ఆ వ్యూ నుంచే పంపండి.

మన నేల గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. లైబ్రరీల్లో ఇటాలియన్ మార్బుల్ వందల రకాలుంటుంది, నాపరాయి ఉండదు. బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ, కడప నల్లబండ మన ఇళ్లల్లో నిజంగా పరిచేవి. వాటిని మనమే ఫొటో తీసుకోవాలి. పరిచిన నేల మీద, నీడలో, ఎండ చార పడని చోట ఫోన్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని తీయండి. రెండడుగుల బండలైతే మూడు వరుసలు, మూడు నిలువులు, మొత్తం తొమ్మిది బండలు ఒక బొమ్మలోకి రావాలి. ఒక్క బండ తీసి పరిస్తే ఒకే మచ్చ హాలంతా వరుసగా కనబడి నేల వాల్‌పేపర్‌లా తయారవుతుంది. అంచులు సరిచేసి 2048 పిక్సెళ్ల చదరంగా కోయండి. ఆరడుగులకి 2048 పిక్సెళ్లంటే ఒక్కో పిక్సెల్ సుమారు 0.9 మిల్లీమీటర్లు, 3 మిల్లీమీటర్ల అతుకు గీత మూడు పిక్సెళ్లకు పైగా ఉంటుంది. 1024కి తగ్గిస్తే అదే గీత ఒకటిన్నర పిక్సెల్ అయి కెమెరా దూరం జరగగానే మాసిపోతుంది.

స్కెచప్‌లో మెటీరియల్ ఎడిట్‌లో ఆ బొమ్మ వెడల్పు, ఎత్తు ఆరడుగులు, ఆరడుగులు అని వేయండి. ఆ కొలతే యూవీగా (బొమ్మ ముఖం మీద ఎక్కడ ఎలా కూర్చోవాలో చెప్పే లెక్క) మారి అవతలికి వెళ్తుంది. నల్లబండ అని రంగును పూర్తి నలుపుకి దించకండి. పాలిష్ పట్టిన నల్లబండకి 0 నుంచి 255 కొలమానంలో 40, 50 మధ్య బాగుంటుంది. 0 పెడితే నేల గుంతలా కనబడుతుంది. తెల్ల గోడకీ 255 వద్దు, 230 దగ్గర ఆపండి. లేకపోతే వెలుతురు గోడల మధ్య తిరిగి తిరిగి గది పాలిపోతుంది. గరుకు విలువ పాలిష్ బండకి 0.2, పాలిష్ లేని వసారా బండకి 0.6 నుంచి 0.7. నిజమైన బండ ఎక్కడికక్కడ కొంచెం వేరుగా మెరుస్తుంది కాబట్టి గరుకుకి కూడా ఒక మ్యాప్ (చోటు చోటుకీ విలువ చెప్పే బొమ్మ) పెడితే ఆ తేడా వస్తుంది. ఆ మ్యాప్‌ను రంగు బొమ్మగా కాక సమాచారంగా చదివించాలి. బ్లెండర్‌లో అయితే కలర్ స్పేస్ నాన్ కలర్ అని పెట్టాలి. మర్చిపోతే నేల తడిసినట్టు మెరుస్తుంది.

ఇక ఫైలు బరువు సంగతి. ప్రతి ముఖం త్రిభుజాలుగానే లెక్కకి వస్తుంది, అవి పెరిగే కొద్దీ బరువు పెరుగుతుంది. స్కెచప్ వృత్తం మామూలుగా 24 భుజాలతో వస్తుంది. దాంతో చేసిన ఒక గుండ్రటి కడ్డీ 92 త్రిభుజాలు. ఇంటికి 14 కిటికీలు, కిటికీకి 20 కడ్డీలు అనుకుంటే 280 కడ్డీలకి 25,760 త్రిభుజాలు. ఆరు భుజాల కడ్డీ 20 త్రిభుజాలే, మొత్తం 5,600. అర అంగుళం కడ్డీ గేటు దగ్గరి నుంచి చూస్తే ఈ తేడా ఎవరి కంటికీ ఆనదు. చదరపు కడ్డీ అయితే 12 త్రిభుజాలతో ముగుస్తుంది.

నిజమైన బరువు దించుకున్న వస్తువుల్లో ఉంటుంది. చెక్కుడు పనితో ఉన్న సింహద్వారం, కుళాయిలు, సోఫా, కారు. ఒక్క సింహద్వారమే లక్షల త్రిభుజాలతో రావచ్చు. బయటి ఎలివేషన్ కోసమైతే ద్వారబంధం, గడప, తలుపు పలకలు మాత్రం నిజంగా మోడల్ చేసి, చెక్కుడును నార్మల్ మ్యాప్‌గా (చదును ముఖం మీదే ఎత్తుపల్లాల భ్రమ కలిగించే బొమ్మ) వేయండి. నార్మల్ మ్యాపుల్లో రెండు సంప్రదాయాలున్నాయి. ట్విన్‌మోషన్, అన్‌రియల్‌లవి డైరెక్ట్‌ఎక్స్ పద్ధతి, బ్లెండర్‌ది ఓపెన్‌జీఎల్ పద్ధతి. రెంటికీ ఆకుపచ్చ చానెల్ తలకిందులు. తప్పు రకం వేస్తే ఉబ్బెత్తుగా ఉండాల్సిన పువ్వు గుంతలా కనబడుతుంది. చెట్లు, మనుషులు, బండ్లు మోడల్‌లో పెట్టనే వద్దు, రెండరింగ్ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలోవే వాడండి. అవి ఒక్కసారి మెమరీలోకి వచ్చి వందసార్లు కనబడేలా తయారైనవి. అయితే మేపుల్, ఓక్ నాటకండి. వేప, కానుగ, కొబ్బరికి దగ్గరగా ఉండేవి వెతకండి. పంపే ముందు స్కెచప్ మోడల్ ఇన్ఫోలో స్టాటిస్టిక్స్‌కి వెళ్లి పర్జ్ అన్‌యూజ్డ్ నొక్కి వాడనివన్నీ తీసేయడం అలవాటు చేసుకోండి.

రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య నేరుగా లంకె ఉంటే ఫైలు ఎగుమతి కన్నా లంకే మేలు. ట్విన్‌మోషన్‌కి డేటాస్మిత్ ప్లగిన్ ద్వారా స్కెచప్, రెవిట్ రెండింటి నుంచీ డైరెక్ట్ లింక్ ఉంది. లుమియన్‌కి లైవ్‌సింక్ ఉంది. దిగుమతి చేసేటప్పుడు ట్విన్‌మోషన్ భాగాలను మెటీరియల్ వారీగా కలిపేయాలా, వాటి వరుస (ఏ భాగం దేనిలోది అన్న అమరిక) అలాగే ఉంచాలా అని అడుగుతుంది. కలిపేస్తే సాఫీగా నడుస్తుంది కానీ ఒక్క తలుపును విడిగా పట్టుకోలేరు. తలుపు తెరుచుకునే వీడియో కావాలంటే వరుస ఉంచాలి. ఉత్త ఎలివేషన్ బొమ్మలకైతే కలిపేయడమే నయం. ఇది మొదటి రోజే నిర్ణయించుకోండి, మధ్యలో మారిస్తే చేసిన సెట్టింగులు చాలావరకు మళ్లీ చేయాలి.

ఎండ విషయంలో నిజాయితీగా ఉండాలి, ఓనరు ఆ బొమ్మ చూసే సజ్జ కొలత ఒప్పుకుంటాడు. స్కెచప్ పుట్టిన ఊరు అమెరికాలోని బౌల్డర్, 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం. లొకేషన్ మార్చని మోడల్ ఆ ఊరి ఎండనే చూపిస్తుంది. డిసెంబరు 21 మధ్యాహ్నం అక్కడ సూర్యుడు 26.5 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. దక్షిణపు గోడ మీద రెండడుగుల సజ్జ నీడ అడుగు మాత్రమే దిగుతుంది. అదే రోజు కడపలో, 14.47 డిగ్రీల అక్షాంశంలో, సూర్యుడు 52 డిగ్రీలు ఎక్కుతాడు. నీడ రెండున్నర అడుగులు దాటుతుంది. రెండో సంగతి, ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు సగం దాకా మనకు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఉత్తర ముఖం ఇంటికి ఎండ తగలదని వేసిన బొమ్మ మే నెలలో అబద్ధమవుతుంది. ఉత్తర దిశ మోడల్‌తో పాటు రాకపోవచ్చు, ముఖ్యంగా రెవిట్‌లో ప్రాజెక్ట్ నార్త్ (డ్రాయింగ్‌లో పైవైపు) వేరు, ట్రూ నార్త్ (అసలు ఉత్తరం) వేరు. కాంపౌండ్ మూలలో ఉత్తరం వైపు చూపే ఒక బాణాన్ని మోడల్ చేసి పంపండి. అవతల సూర్యుణ్ణి దానికి సరిపెట్టాక దాచేయండి. తూర్పు ముఖం ఇంటికి సాయంత్రపు బంగారు వెలుగు ముందు గోడ మీద వేయొద్దు, ఆ వెలుగు ఆ గోడకి ఏనాడూ రాదు. పొద్దున ఏడున్నర, ఎనిమిది గంటల ఎండ వేయండి. అది కూడా అందంగానే ఉంటుంది, పైగా నిజం.

వీడియో అయితే నేరుగా ఎంపీ4గా కాక పీఎన్‌జీ బొమ్మల వరుసగా తీయండి. సెకనుకి 25 బొమ్మల చొప్పున నిమిషానికి 1500. ఒక్కోదానికి 40 సెకన్లు పడితే 16 గంటల 40 నిమిషాలు. మధ్యలో కరెంటు పోతే ఎంపీ4 మొత్తం పోతుంది. బొమ్మల వరుస అయితే 900 దగ్గర ఆగితే 901 నుంచి మొదలుపెట్టొచ్చు. మే నెలలో పగలు 42 డిగ్రీల గదిలో గ్రాఫిక్స్ కార్డు వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. రాత్రి పెట్టండి, క్యాబినెట్ వెనక జానెడు ఖాళీ ఉంచండి.

చివరి బొమ్మను ఓనరుకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది. నాపరాతి గీతలూ గ్రిల్లు కడ్డీలూ అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా జతచేయండి.